యుద్ధానికి పోయిన చిన్నతాత, పట్టాలోకి ఎక్కని చిన్నమామ్మ

(సంఘం మండల సభలో మా కుటుంబం తరఫున చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున పూర్తి పాఠం ఇక్కడ ఇస్తున్నాం.)



ఈ వేదిక మీద ఎప్పుడు నిలబడినా మేము మద్దతు ధర గురించో, కాలవ నీళ్ళ గురించో, ఎరువు బస్తాల గురించో మాట్లాడాం. ఈరోజు మా ఇంటి సంగతి చెప్పమన్నారు. ఇంటి సంగతి సభలో ఎందుకని మొదట వెనకాడాం. తర్వాత ఆలోచిస్తే ఇది మా ఒక్క ఇంటిది కాదనిపించింది. ఈ పందిరి కింద కూర్చున్న వాళ్ళలో కనీసం పదిమంది ఇళ్ళల్లో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. కాకపోతే అది అటక మీద రేకు పెట్టెలో ఉండిపోయి ఉంటుంది.

మా తాతకి ఒక తమ్ముడు ఉండేవాడు. మాకు చిన్నతాత. మేము ఆయన్ని చూడలేదు. మా నాన్నకి కూడా లీలగానే గుర్తు. "మిలటరీకి పోయాడు, మరి రాలేదు." ఆయన గురించి మా ఇంట్లో ఉన్న చరిత్రంతా ఈ ఒక్క ముక్కే. ఫొటో లేదు. తద్దినం లేదు. బతికున్నాడో లేదో తెలియని మనిషికి తద్దినం ఎలా పెడతారు?

ఆయన భార్య మా చిన్నమామ్మ. ఆవిడని మేము బాగా ఎరుగుదుం. ఊడ్పుల్లో అందరికంటే ముందు మడిలో దిగేది, అందరి తర్వాత గట్టెక్కేది. నుదుట రూపాయంత బొట్టు ఉండేది. మేము పాతికేళ్ళ వాళ్ళంగా ఉన్నప్పుడు ఆవిడ పోయింది. పోయిన రోజు కూడా ఆ బొట్టు అలాగే ఉంది.

బాంబు పడిన ఏడు

చిన్నతాత ఎప్పుడు వెళ్ళాడని అడిగితే చిన్నమామ్మ తేదీ చెప్పలేకపోయేది. "వైజాగులో బాంబు పడిన ఏడు, ఎడ్లమ్మేసి ఎలిపోనాడ్రా అయ్యా" అనేది. మాకు చిన్నప్పుడు అది ముసలమ్మ మాటలా ఉండేది. కానీ అదే మాకు దొరికిన మొదటి రికార్డు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంటే చిన్నతాత వెళ్ళింది ఆ వేసవి తర్వాత, ఆ ఏడాదిలోనే.

అప్పటి రైతు పరిస్థితి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మా ఊరు జమీందారీ ఊరు. శిస్తు మీద శిస్తు కట్టి రైతు బక్కచిక్కిపోయాడు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన వేసిన కమిటీ జమీందారీ గ్రామాల్లో తిరిగి, భూమి మీద హక్కు రైతుదేనని 1938లో నివేదిక ఇచ్చింది. అది చట్టమయ్యే లోపు 1939లో యుద్ధం వచ్చింది. యుద్ధం పేరు మీద మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక మూలపడింది. జమీందారీ రద్దు చట్టం వచ్చింది 1948లో. యుద్ధం రైతుకి చేసిన మొదటి నష్టం అది. మన హక్కు పదేళ్ళు వెనక్కి పోయింది.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. మా వైపు వాళ్ళకి రంగూన్ అంటే రంగం. మన జిల్లాల నుంచి ఎంతోమంది రంగం వెళ్ళి రైసుమిల్లుల్లో, ఓడరేవులో కూలిపని చేసి డబ్బు పంపేవాళ్ళు. ఆ దారి మూసుకుపోయింది. బర్మా నుంచి లక్షలమంది భారతీయులు కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చారు. బర్మా బియ్యం రావడం ఆగింది. ధరలు పెరిగాయి. ఇటు శిస్తు, అటు అప్పు, పైన కరువు భయం. అలాంటప్పుడు ఊళ్ళోకి సైన్యంలో చేర్చుకునేవాడు వచ్చి జీతం, బట్ట, మూడుపూటలా తిండి అంటే ఎవడు కాదంటాడు?

1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం యుద్ధం ముగిసేసరికి 25 లక్షలు అయింది. అందరూ ఇష్టపడి చేరినవాళ్ళేనని పుస్తకాల్లో రాస్తారు. నిజమే, చెయ్యి పట్టుకుని లాక్కుపోలేదు. కానీ ఎడ్లు అమ్ముకుని వెళ్ళిన రైతుది ఇష్టమా, గత్యంతరం లేకపోవడమా? అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరని దానికి పేరుంది. ఊరికి ఒకరిద్దరు చొప్పున పోయిన మన ఊళ్ళకి ఆ పేరు కూడా లేదు.

సింహం బిళ్ళ

వెళ్ళిన కొత్తలో నెలనెలా మనియార్డరు వచ్చేదట. ఉత్తరాలు వచ్చేవట. ఎక్కడున్నాడో అందులో ఉండేది కాదు. సైనికుల ఉత్తరాలు పై అధికారులు చదివి, ఊరు పేరు ఉంటే కొట్టేసి పంపేవాళ్ళు. "క్షేమం, పిల్ల జాగ్రత్త" అని మాత్రం ఉండేది. ఆ పిల్ల మా అత్త. తండ్రి వెళ్ళాక పుట్టింది. రెండేళ్ళ తర్వాత మనియార్డరు ఆగింది. ఉత్తరమూ ఆగింది.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకి పోస్టులో ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో ఒక బిళ్ళ. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు, రెండోవైపు రెండు తలల మృగాన్ని తొక్కి నిలబడిన సింహం. చిన్నమామ్మ దాన్ని సింహం బిళ్ళ అనేది. అది తన పెనిమిటే పంపించాడని నమ్మింది. బిళ్ళ పంపినవాడు రేపోమాపో తనూ వస్తాడనుకుంది. ఆ నమ్మకం మీద నలభై ఏళ్ళకు పైగా బతికింది.

ఒక కరువు ఏడాదిలో దాన్ని అమ్ముదామని తీసుకెళ్తే, వెండి కాదు పొమ్మన్నాడట కంసాలి. రెండో యుద్ధంలో ఇచ్చిన ఆ పతకం నికెల్, రాగి కలిసిన లోహం. వెండి కాదు కాబట్టే మా ఇంట్లో మిగిలింది. మొదటి యుద్ధంలో ఇచ్చింది వెండిది. అలాంటివి ఎన్ని ఇళ్ళల్లో కరిగి పట్టీలైపోయాయో, ఎన్ని అప్పులకి పోయాయో. మీ ఇంట్లో తాతల పతకం లేదంటే తాత వెళ్ళలేదని కాదు. ఆకలి ఉండి ఉండవచ్చు.

అత్త పోయాక పెట్టె సర్దుతుంటే ఆ బిళ్ళ మళ్ళీ చేతికొచ్చింది. మసిబారి ఉంది. చింతపండు పెట్టి తోమాం. అలా తోమకూడదని తర్వాత తెలిసింది, అక్షరాలు అరిగిపోతాయి. మీరు ఆ పని చెయ్యకండి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. అంచు మీద భూతద్దం పెట్టి చూస్తే చిన్నచిన్న ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డాయి. ఒక నెంబరు, ఒక పేరు, పక్కన పొడి అక్షరాల్లో దళం పేరు. ఇంటిపేరు లేదు. పేరు కూడా మనం పలికేలా లేదు. కానీ నెంబరు నెంబరే కదా.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ఒక సంస్థ ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల సమాధులు, పేర్లు చూసే సంస్థ. దాని జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మా అబ్బాయి సెల్‌ఫోన్‌లో పేరు కొట్టి చూశాడు, రాలేదు. నెంబరు కొట్టాడు, వచ్చింది.

ఇండియన్ పయనీర్ దళం. 1944. రంగూన్ స్మారకం. పక్కన తండ్రి పేరు. కింద మా ఊరి పేరు తప్పుల తడకగా, పాత పద్ధతిలో "వైజాగపటం" జిల్లా. దాని పక్కన "ఫలానా ఆమె భర్త" అని మా చిన్నమామ్మ పేరు.

అబ్బాయి అది చదివినప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. రంగూన్‌కి ఉత్తరాన టాక్యాన్ అనే చోట పెద్ద యుద్ధ శ్మశానం ఉంది. దాని మధ్యలో రాతి స్తంభాల మీద, సమాధి కూడా దొరకని సుమారు 27 వేల మంది పేర్లు చెక్కారు. రంగం పోయి కూలి చేసుకునే అదృష్టం కూడా లేని మా చిన్నతాత, పేరుగా రంగం చేరాడు. పయనీర్ దళం అంటే తుపాకి కంటే పార, గునపం ఎక్కువ పట్టిన దళం. బర్మా సరిహద్దు కొండల్లో రోడ్లు వేసింది, విమానాలు దిగే మైదానాలు చదును చేసింది వాళ్ళు. ఇక్కడ గట్లు వేసిన చేతులే అక్కడ రోడ్లు వేశాయి.

ఆ బొట్టు సంగతి

ఇంతవరకు అయితే ఇది కన్నీటి కథ. ఇక్కడితో ఆపితే మేము సగం అబద్ధం చెప్పినట్టు.

చిన్నతాత రికార్డు దొరికాక మేము రెండో రికార్డు కూడా తీశాం. జమీందారీ రద్దయ్యాక జరిగిన సెటిల్మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ నకలు. మా పొలం 4 ఎకరాల 20 సెంట్లు. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి సాగు. అడంగల్‌లో పట్టాదారు ఒక్కరే, మా తాత. చిన్నతాత పేరు లేదు. చిన్నమామ్మ పేరు అసలే లేదు.

మా తాత దుర్మార్గుడు కాదు. "తమ్ముడొస్తే వాడి సగం వాడికిస్తా" అనేవాడట. తమ్ముడు రాలేదు. తమ్ముడు పోయాడని కూడా ఎవరూ తేల్చలేదు. ఏడేళ్ళు జాడ లేని మనిషిని చనిపోయినట్టు ఎంచవచ్చని సాక్ష్య చట్టంలో ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చిన్నమామ్మ బొట్టు తియ్యనివ్వలేదు. మా ఇంటి దయ అది అనుకుంటూ పెరిగాం. ఇప్పుడు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తోంది, ఆ బొట్టు ఉన్నన్నాళ్ళూ ఆవిడ వాటా అడగలేని మనిషి. వితంతువైతే భర్త వాటా అడగొచ్చు. 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో సాగుభూమికి కూడా వర్తింపజేసింది. కానీ ఆవిడ లెక్కలో భర్త బతికే ఉన్నాడు. సర్కారు లెక్కలో 1944లోనే చనిపోయాడు. ఆ సర్కారు కాగితంలో ఆవిడ పేరు కూడా ఉంది. కాగితం ఆవిడ దాకా రాలేదు. లేదా వచ్చి ఇంట్లోనే ఎక్కడో ఆగింది. ఒక ఇంగ్లీషు కాగితం వచ్చిందని, మా తాత దాన్ని మడిచి దాచాడని ఊళ్ళో ఒక మాట ఉండేది. ఇప్పుడు తేల్చే మనిషి లేడు. తాత పేరు మీద అబద్ధం చెప్పలేం, ఆ మాట విననట్టు నటించనూ లేం.

కొలువులో ఉండగా చనిపోయిన సిపాయి భార్య కుటుంబ పెన్షను అడిగే వీలుండేది. ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ళు ఆవిడ మా పొలంలో పనిచేసింది. తిండి పెట్టాం, చీర పెట్టాం, పెద్దగా గౌరవించాం. భూమి మాత్రం పెట్టలేదు. అత్తని ఉత్త చేతులతో అత్తారింటికి పంపాం. ఆవిడ కొడుకు, మాకు బావ, ఈ మండలంలోనే కౌలుకి చేస్తున్నాడు. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. యజమాని పెట్టడు. కార్డు లేదు కనుక బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు. కౌలు రైతు ఎలా తయారవుతాడని మనం సభల్లో అడుగుతుంటాం. ఒక కౌలు రైతు మా ఇంట్లోనే ఎలా తయారయ్యాడో మీకు చెబుతున్నాం.

చిన్నతాత వాటా 2 ఎకరాల 10 సెంట్లు. ఇప్పుడు మేము మూడిళ్ళ వాళ్ళం. ఇంటికి 70 సెంట్లు పడుతుంది. రెండిళ్ళ వాళ్ళం మా వంతు 1 ఎకరం 40 సెంట్లు బావ పేరు మీద దస్తావేజు రాయించి రిజిస్ట్రేషను చేయించాం. మూడో ఇల్లు ఇంకా ఒప్పుకోలేదు. "డెబ్భై ఏళ్ళ నాటి లెక్క ఇప్పుడెందుకు" అంటున్నారు. వాళ్ళకీ ఆడపిల్ల పెళ్ళి ఉంది, అప్పు ఉంది. తిట్టలేం. అడగడం మానలేం.

మీ ఇంట్లో ఎలా వెతకాలి

ఇది విని చాలామంది మా ఇంటికొచ్చి అడిగారు. అందుకని మాకు తెలిసినంత చెబుతాం.

ముందు ముసలివాళ్ళతో మాట్లాడండి. తేదీలు అడగొద్దు. బాంబు పడిన ఏడా, గాలివాన ఏడా, ఎవరి పెళ్ళి ఏడాది అని అడగండి. ఏడాది దానంతటదే దొరుకుతుంది.

తర్వాత రేకు పెట్టెలు, దేవుడి గూడు వెతకండి. పతకం, డిశ్చార్జి పుస్తకం, పాత మనియార్డరు రసీదు, ఏదైనా సరే. నెంబరు దొరికితే సగం పని అయినట్టే.

పేరుని నమ్ముకోవద్దు. సైన్యంలో రాసుకున్నవాడికి తెలుగు రాదు. స్వామి సామి అవుతుంది, ఇంటిపేరు ఎగిరిపోతుంది, తండ్రి పేరు ముందుకొస్తుంది. ఊరు, జిల్లా పేర్లు పాత ఇంగ్లీషు పద్ధతిలో వెతకాలి.

వార్ గ్రేవ్స్ జాబితాలో చనిపోయినవాళ్ళే ఉంటారు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు దాకా, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు నుంచి 1947 డిసెంబరు దాకా. తిరిగొచ్చినవాళ్ళ సంగతి వాళ్ళ దళం రికార్డు ఆఫీసులో అడగాలి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు ఇంజనీర్లది బెంగళూరులో. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే మంచిది. రెండో యుద్ధంలో చేసి పెన్షను రాని వాళ్ళకి, వాళ్ళ భార్యలకి ఆర్థిక సాయం ఇచ్చే పథకం కూడా ఆ శాఖలో ఉంది. ఎవరింట్లోనైనా తొంభై దాటిన అలాంటి ముసలమ్మ ఉంటే రేపే వెళ్ళండి.

జాబితాలో లేనంతమాత్రాన చనిపోలేదని కాదు. మొదటి యుద్ధంలో మన దేశం నుంచి వెళ్ళి సుమారు 74 వేల మంది చనిపోయారు. ఢిల్లీ ఇండియా గేటు మీద 13 వేల పైచిలుకు పేర్లే ఉన్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలని ఫలానా దళంలో ఇంతమంది అని అంకె వేశారు. భారతీయుల్ని, ఆఫ్రికావాళ్ళని సమానంగా స్మరించలేదని ఆ సంస్థే 2021 ఏప్రిల్‌లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. కనీసం 1 లక్షా 16 వేల మందికి ఎక్కడా పేరు లేదని వాళ్ళ నివేదికే చెప్పింది.

ఇక రెవెన్యూ రికార్డు. సైన్యం కాగితం దొరికాక ఆగొద్దు, ఫెయిర్ అడంగల్, ఆర్.ఎస్.ఆర్., డి-పట్టా నకళ్ళు తీయండి. మాజీ సైనికుడిగా బంజరు పొందిన తాతలున్న ఇళ్ళకి ఇది మరీ ముఖ్యం. మాజీ సైనికుడికి ఇచ్చిన అసైన్డు భూమిని పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చని 1993లో వచ్చిన జీవో 1117 చెబుతుంది. అయినా ఎన్నో భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో పడి ఉన్నాయి. విడిపించుకోవాలంటే తాత సైనికుడని రుజువు కావాలి. ఆ రుజువు మీ అటక మీద ఉండవచ్చు.

పంజాబ్‌లో మొదటి యుద్ధం అయ్యాక అక్కడి ప్రభుత్వం ఊరివారీగా సైనికుల రిజిస్టర్లు రాయించింది. 3 లక్షల 20 వేల మంది వివరాలున్న ఆ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉండిపోయాయి. 2021 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఎక్కడో స్థిరపడిన పంజాబీ కుటుంబాలు తమ తాతల ఊళ్ళు అందులో వెతుక్కుంటున్నాయి. మన ఊళ్ళకి అలాంటి రిజిస్టరు లేకపోతే మనమే రాద్దాం. ఊరికొక నోటు పుస్తకం చాలు. వెళ్ళినవాడి పేరు, తండ్రి పేరు, నెంబరు, దళం, తిరిగొచ్చాడా లేదా. ఆ పక్కనే ఇంకో గడి గీయండి. వెనక పొలం ఎవరు చేశారు, ఆ పొలం చివరికి ఎవరి పేరున ఎక్కింది? ఈ గడి లేకపోతే ఆ పుస్తకం పెట్టుకోనక్కర్లేదు.

ఎందుకంటే మా చిన్నతాత పేరు ఆలస్యంగానైనా రాతి మీద ఉంది. ఆయన వెళ్ళాక ఆ నాగలి ఆపకుండా నడిపించిన మనిషి పేరు ఏ పట్టాలోనూ లేదు. యుద్ధంలో రైతు ప్రాణం పోతే సర్కారు రాసుకుంది. రైతు భార్య శ్రమ పోతే రాయాల్సినవాళ్ళం మనం, మన ఇళ్ళవాళ్ళం.

మొన్న సంక్రాంతికి మొదటిసారి పెద్దల పండగలో చిన్నతాత పేరు చెప్పి బట్టలు పెట్టాం. పక్కన చిన్నమామ్మకి చీర పెట్టాం. బావ ఆ 1 ఎకరం 40 సెంట్లలో ఈ ఖరీఫ్‌కి తన పేరు మీదే పంట నమోదు చేయించుకున్నాడు.

వచ్చే నెల సభకి ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కాగితం పట్టుకురండి. కాగితం లేకపోతే బిళ్ళ, అదీ లేకపోతే ముసలమ్మ చెప్పిన మాట. రాసుకోవడానికి నోటు పుస్తకం మేము తెస్తాం.

సెలవు.